కింద వజ్రాల పొర, పైన బెలుం: ఒక రోజు యాత్ర

బెలుం గుహలకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది గుహ చూసి, బయట బుద్ధుడి విగ్రహం దగ్గర ఫోటో దిగి, వచ్చిన దారినే వెనక్కి పోతారు. బనగానపల్లె అంటే మామిడిపండు గుర్తొస్తుంది, లేదంటే యాగంటి. ఈ రెండు ఊళ్ళూ ఒకే రాతి పేర్పులో ఒకదాని మీద ఒకటిగా ఉన్న పొరలకు చెందినవని, కింది పొరలో వజ్రాలు తవ్వారని, పై పొరలో నీళ్ళు గుహలు తొలిచాయని నాకు ఒక లెక్చరర్ గారితో చేసిన ఈ యాత్రలోనే తెలిసింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆయన భూగర్భశాస్త్రం బోధించి రిటైరయ్యారు. వానాకాలం వెళ్ళి ఎండ మెత్తబడ్డాక, ఆసక్తి ఉన్నవాళ్ళను చిన్న బృందంగా కూడగట్టి నంద్యాల నుంచి మినీబస్సులో తీసుకెళ్తారు. బస్సు ఖర్చు అందరం పంచుకోవడమే, ఆయన తన కోసం ఏమీ తీసుకోరు. పేరు ఇచ్చిన రోజే వాట్సాప్‌లో ఒక పెద్ద మెసేజ్ వచ్చింది. బూట్లు తప్పనిసరి, చెప్పులతో వస్తే గుట్ట ఎక్కనివ్వను. ఒంటి నిండా బట్టలు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక టార్చి. ఆస్తమా, గుండె జబ్బు, మోకాళ్ళ నొప్పులు, ఇరుకు చోట్లంటే భయం ఉంటే దాచకుండా ముందే చెప్పండి. చివరగా, ఏ రాయీ జేబులో వేసుకోకూడదు.

నాకు ఇరుకు చోట్లంటే భయం. లిఫ్టు రెండు నిమిషాలు ఆగితే ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ సంగతి రాసి పంపితే ఆయన వెంటనే ఫోన్ చేశారు. "ఎక్కడ ఇరుకుంటుందో, ఎక్కడ వెడల్పు అవుతుందో నేను ముందే చెప్తానమ్మా. నువ్వు నా వెనకే రెండో మనిషిగా నడు. ఏ చోట వద్దనిపించినా ఆగిపోదాం, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. ఆ మాటతోనే సగం టెన్షన్ తగ్గింది. గైడు అనేవాడు దారి చూపించే ముందు చేయాల్సిన పని ఇదేనని నా అభిప్రాయం.

తెల్లవారకముందే బయలుదేరాం. బస్సు ఊరు దాటగానే సార్ ఒక పెద్ద కాగితం విప్పి, సీట్ల మధ్య నిలబడి చూపించారు. ఈ ప్రాంతపు రాళ్ళను భూగర్భశాస్త్రజ్ఞులు కర్నూలు గ్రూపు అంటారట. అందులో పొరలన్నిటికీ ఇక్కడి ఊళ్ళ పేర్లే పెట్టారు. అడుగున బనగానపల్లె, దాని మీద నార్జి, ఆపైన అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, అన్నిటికంటే పైన నంద్యాల. "మనం బయలుదేరింది పై పొర నుంచి. ముందు అడుగుకి పోదాం. అక్కణ్ణించి ఒక్క మెట్టు పైకెక్కితే నార్జి సున్నపురాయి. బెలుం ఉన్నది అందులోనే" అన్నారు. యాత్రలో గనులు ముందు, గుహలు తర్వాత ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. మామూలుగా గైడులు ఎండను చూసుకుని, లేదా భోజనం ఎక్కడ దొరుకుతుందో చూసుకుని వరుస వేస్తారు. ఈయన రాళ్ళ వరుస ప్రకారం వేశారు.

పాణ్యంలో ఉగ్గాని, బజ్జీ తిని, టీ తాగి ముందుకు కదిలాం.

బనగానపల్లె దగ్గరి గుట్టలు దూరం నుంచి చూస్తే ఏ ప్రత్యేకతా కనిపించదు. పైన చదునుగా, అంచుల్లో రాతి చరియలు, మధ్యలో ముళ్ళకంపలు. గుట్ట కింద మాకోసం ఒక పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. గొర్రెలు కాచుకుంటాడు, ఆ గుంతలన్నీ చిన్నప్పటినుంచి తెలుసు. ఆయన లేకుండా సార్ ఎవరినీ పైకి తీసుకెళ్ళరట. పెద్దాయన మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూసి, "నా అడుగులోనే అడుగెయ్యండి నాయనా. బోదగడ్డి కింద యాడ గుంత ఉందో కనపడదు. ఫోటోలని ఎనక్కి నడవొద్దు" అన్నాడు. చేతికర్రతో గడ్డి కొట్టుకుంటూ ముందు నడిచాడు. ఆ చప్పుడుకు పాములు పక్కకు తప్పుకుంటాయి.

పైకి చేరాక మొదట కనిపించినవి రాళ్ళ కుప్పలు. అవి వాటంతట అవి పడిన రాళ్ళు కావని ఒక్క చూపులోనే తెలుస్తుంది. అన్నీ దాదాపు ఒకే పరిమాణం, పిడికిలికి అటూఇటూ. మనుషులు కొట్టి పారబోసినవి. ఆ కుప్పల మధ్య గుంతలు. కొన్ని పూడిపోయి పళ్ళెం లోతు మాత్రమే మిగిలాయి, కొన్నిట్లో చెట్లు మొలిచాయి. ఒకటి మాత్రం ఇంకా తెరుచుకునే ఉంది. పెద్దాయన దాని చుట్టూ ముళ్ళకంప పేర్చి పెట్టాడు, తన గొర్రెలు పడకుండా.

సార్ ఒక రాతిముక్క తీసి అందరి చేతుల్లోకి పంపారు. వేరుశనగ ఉండలో పప్పుల్లాగా, గులకరాళ్ళన్నీ ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉన్నాయి. తెల్లవి, బూడిదరంగువి, ఎర్రని జాస్పర్ ముక్కలు. దీన్నే కాంగ్లోమరేట్ అంటారు. కోట్లాది ఏళ్ళ కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. ప్రవాహాలు, అలలు తెచ్చి పరిచిన గులకరాళ్ళు ఒక పలచని పొరగా పేరుకుని రాయిగా గట్టిపడ్డాయి. ఆ గులకలతో పాటే అప్పుడప్పుడు వజ్రం కూడా కొట్టుకొచ్చింది. వజ్రం పుట్టేది మాత్రం ఇక్కడ కాదు, నేలకు 150 కిలోమీటర్ల కంటే లోతున. అక్కణ్ణించి దాన్ని పైకి మోసుకొచ్చే రాయి కింబర్లైట్. అలాంటి కింబర్లైట్ గొట్టాలు అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర ఉన్నాయి. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో జనం వంగి నడుస్తూ వజ్రాలు వెతుకుతుంటారని ప్రతి ఏడూ పేపర్లో చదువుతాం కదా, ఆ వార్తల వెనక కథ కూడా ఇలాంటిదే. రాయి అరిగింది, మట్టి కొట్టుకుపోయింది, వజ్రం మిగిలింది.

కానీ బనగానపల్లెలో వజ్రం మట్టిలో తేలి ఉండదు. కాంగ్లోమరేట్ పొర మీద క్వార్ట్‌జైట్ అనే, ఇసుకరాయి బిగిసి ఏర్పడిన గట్టి రాతి కప్పు ఉంటుంది. ఆ కప్పును పగలగొట్టి నిలువుగా గుంత దించాలి. వజ్రాల పొర తగిలాక దాన్ని పట్టుకుని పక్కలకు తవ్వుకుంటూ పోవాలి. పొర ఎంత మందం ఉంటే సొరంగం అంతకు కాస్త ఎత్తు, అంతే. అంతకంటే ఎక్కువ తవ్వితే పనికిరాని రాయిని మోయాలి కదా. అందుకే లోపల ఎవరూ నిలబడలేరు. గొంతు కూర్చునే రాయి కొట్టాలి, కూర్చునే వెనక్కి నెట్టాలి. భారత భూగర్భ సర్వే సంస్థ తరఫున ఈ ప్రాంతమంతా తిరిగి, 1872లో కడప, కర్నూలు రాళ్ళ గురించి పెద్ద నివేదిక రాసిన విలియం కింగ్ ఈ వజ్రపు గుంతల గురించి కూడా రాశాడు.

ఆ తెరిచి ఉన్న గుంత దగ్గర సార్ మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచారు. బోర్లా పడుకుని, కాళ్ళు ఇంకొకరు పట్టుకోగా, తల మాత్రం అంచు దాటించి టార్చి వేసి చూడాలి. దిగడం నిషేధం. నా వంతు వచ్చినప్పుడు చూశాను. గుంత అడుగున ఒక పక్క చీకటి చీలిక. నా మోకాలి ఎత్తు కూడా ఉండదేమో. లోపలికి ఎంత దూరం పోయిందో టార్చి వెలుతురుకు అందలేదు. ఆ చీలికలోకి మనిషి దూరి, దీపం పక్కన పెట్టుకుని, పొద్దస్తమానం సుత్తి కొట్టాడు. ఒక రోజు కాదు, బతుకంతా. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. భయం కాదు అది. నేను లిఫ్టు ఆగితేనే వణికే మనిషిని. అలాంటి చోటికి ప్రతి ఉదయం దిగినవాళ్ళలో కూడా నాలాంటి భయం ఉన్నవాళ్ళు కొందరు ఉండే ఉంటారు. వాళ్ళకు ఆగిపోదామని చెప్పే సార్ లేడు.

పైకి తెచ్చిన రాయితో పని అయిపోదు. దాన్ని పొడిగా కొట్టాలి, నీళ్ళలో కడిగి మట్టి వదిలించాలి, చదును చేసిన నేల మీద పలచగా ఆరబెట్టాలి. ఆరాక ఎండలో వరసగా కూర్చుని, అరచేత్తో తడుముతూ, మెరుపు కోసం చూస్తూ ఏరాలి. 17వ శతాబ్దంలో దక్కన్ గనులను చూసిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ పద్ధతి వివరంగా రాశాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60,000 మంది పనిచేసేవారని, మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవారని ఆయన రాసినదే. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. గనుల్లో పనిచేసేవాళ్ళకు ఏడాదికి 3 వరహాలు దొరికేవని కూడా ఆయన లెక్క రాశాడు. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచ మార్కెట్‌కు వజ్రాలు దాదాపు అన్నీ మన దేశం నుంచే వెళ్ళాయి. కిరీటాల్లో ఎక్కిన వజ్రాలకు పేర్లున్నాయి, చరిత్రలున్నాయి. వాటిని ఏరిన చేతుల్లో ఒక్కదాని పేరూ మనకు తెలియదు.

సార్ ఇదంతా చెప్తున్నప్పుడు పెద్దాయన ఒక రాళ్ళ కుప్ప మీద కూర్చుని వింటున్నాడు. చివర్లో, "మా తాత చెప్తాండె సార్, ఆయన తాతల కాలంలో ఈడ కూలికి పోయినోళ్ళు ఉండారని. ఏం దొరికిందో యాడికి పోయిందో, మాకైతే గొర్రెలే" అన్నాడు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. రాతిముక్కలన్నీ తీసిన చోటే పెట్టించి, సార్ మమ్మల్ని కిందికి దించారు.

తర్వాత రవ్వలకొండ దగ్గర కాసేపు ఆగాం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పశువులు కాస్తూ కాలజ్ఞానం రాశారని చెప్పే గుహ అక్కడే ఉంది. మాతో వచ్చినవాళ్ళలో కొందరు దణ్ణం పెట్టుకున్నారు. అవుకు చెరువు దగ్గర చెట్ల నీడన తెచ్చుకున్న రొట్టెలు తిన్నాం. నీళ్ళ మీంచి వచ్చే గాలికి లేవబుద్ధి కాలేదు కానీ, సార్ గడియారం చూసుకుంటూనే ఉన్నారు.

అవుకు దాటి కొలిమిగుండ్ల వైపు వెళ్తుంటే నేల రంగు మారిపోతుంది. రోడ్డు పక్క పొలాల గట్లకు కూడా నాపరాళ్ళే నిలబెట్టి ఉంటాయి. బండలు కోసే షెడ్లు, నాపరాయి తీసిన లోతైన క్వారీలు, సిమెంటు లారీలు. మా ఇంట్లో నేను రోజూ తుడిచే బండలు ఈ నార్జి సున్నపురాయేనని సార్ చెప్పినప్పుడు బస్సులో అందరూ ఒక్కసారిగా కిటికీల్లోంచి చూశారు.

బెలుం దగ్గర కొండ ఉండదు. చదునైన నేల. ఆ నేలలో నిట్టనిలువుగా దిగిన గుంతలు, వాటిలో ఒకదాని గుండా మెట్లు. బొర్రా గుహలు చూసినవాళ్ళు ఇక్కడ కొండ కోసం వెతుక్కుంటారు. 1884లో బ్రిటిష్ భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 1983లో హెర్బర్ట్ డేనియల్ గెబవర్ అనే జర్మన్ పరిశోధకుడి బృందం లోపల పాకుతూ కొలతలు తీసి పటం వేసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో మనం నడిచి చూడగలిగేది సుమారు 1.5 కిలోమీటర్లు. 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి వచ్చాక దారులు శుభ్రం చేసి, లైట్లు వేసి, 2002లో జనానికి తెరిచారు.

లోపలికి దిగే ముందు సార్ అందరినీ కూర్చోబెట్టి దారి మొత్తం నోటితోనే నడిపించారు. మొదట పెద్ద హాలు, తర్వాత సింహద్వారం, ఆ తర్వాత ఇరుకు, కొంచెం వంగాలి, మళ్ళీ వెడల్పు. గాలి లోపలికి కొట్టే గొట్టాలు ఎక్కడున్నాయో కూడా చెప్పారు. "ఉక్కపోస్తుంది. అది గాలి లేక కాదు, తేమ ఎక్కువ కాబట్టి. ఆ రెండూ ఒకటే అనిపిస్తాయి, ఒకటి కావు. ఊపిరి ఆడట్లేదనిపిస్తే ఆగి, గొట్టం దగ్గర నిలబడండి" అన్నారు. ఈ ఒక్క మాట నాకు లోపల చాలా పనికొచ్చింది. ఇరుకు దగ్గర గుండె దడదడలాడినప్పుడు ఇది తేమే, ఇది తేమే అని మనసులో అనుకున్నాను. ఇంకోటి, ముందు మనిషి వీపు చూడొద్దు, పైకప్పు చూడు అన్నారు. వీపు చూస్తే దారి మూసుకుపోయినట్టు ఉంటుంది. పైకి చూస్తే కనీసం కప్పు ఎంత ఎత్తుందో తెలుస్తుంది.

అలా పైకి చూడబట్టే ఈ గుహ నాకు అర్థమైంది. కప్పు నిండా గుండ్రటి గుంటలు, నున్నగా, లోపలికి వంపు తిరిగి ఉంటాయి. ఉలి పెట్టిన గుర్తు ఒక్కటీ లేదు. వాన నీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాయి పగుళ్ళలోకి దిగి రాతిని కరిగిస్తూ పోతుంది. ఒకప్పుడు ఈ దారులన్నీ పైకప్పు దాకా నీళ్ళతో నిండి ఉండేవి, ఆ నీళ్ళు సుడులు తిరిగి తొలిచినవే ఆ గుంటలు. దారులు ఎందుకు అలా సూటిగా పోయి ఉన్నట్టుండి మలుపు తిరుగుతాయో కూడా సార్ చూపించారు. రాతిలో పగుళ్ళు ఎటు ఉంటే నీళ్ళు అటే పోయాయి. నీటి మట్టం కిందికి దిగాక గుహ ఖాళీ అయ్యింది. అప్పటినుంచి చుక్క చుక్కగా జారే నీరు తనతో తెచ్చిన సున్నాన్ని వదిలిపెడుతూ ఊడలు కడుతోంది. కోటిలింగాలు, ఊడలమర్రి, వేయిపడగలు అని పిలిచే చోట్లన్నీ అలా ఏర్పడినవే.

నల్లని గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. చల్లగా, తడిగా ఉంది. పొద్దున చూసిన చీలిక గుర్తొచ్చింది. అక్కడ మనిషి పొర వెంట పోయాడు, ఇక్కడ నీరు పగులు వెంట పోయింది. ఇద్దరూ రాయి చెప్పిన దారినే నడిచారు. కానీ నీటికి వీపు నొప్పి పుట్టదు. ఈ తేడా లోపల ఉన్నంతసేపూ నన్ను వదల్లేదు. బృందంలో ఒక అబ్బాయి గుహ ఇరుగ్గా ఉందని గొణిగితే, నేనే "పొద్దున చూశాం కదయ్యా, అక్కడికంటే ఇది రాజమార్గం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుందని నేనే అనుకోలేదు.

సప్తస్వరాల గుహ దగ్గర మాత్రం నాకు బాధ కలిగింది. అక్కడి సున్నపు ఊడల్ని మెల్లగా తడితే ఒక్కోటి ఒక్కో స్వరంలో పలుకుతుంది. అది నిజంగా వినదగ్గదే. అక్కడి గైడు చిన్న చెక్కతో జాగ్రత్తగా తట్టి వినిపించాడు. కానీ చూడ్డానికి వచ్చినవాళ్ళు అంత జాగ్రత్తగా ఉండరు. మా ముందు బృందంలో పిల్లలు తాళంచెవులతో కొట్టారు, పెద్దవాళ్ళు నవ్వుతూ వీడియో తీశారు. కొన్ని చోట్ల గోడల మీద పేర్లు గీసి ఉన్నాయి. ఊడ ఒక్క అంగుళం పెరగడానికి మన తరాలు చాలవు. చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగా పేరుకోదని సార్ చెప్పారు. వినిపించేవాడు ఒక్కడు వినిపించాలి, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని వినాలి. అంతకు మించి ఆ గుహకు మనం ఏ మర్యాదా చెయ్యక్కర్లేదు.

పాతాళగంగ దగ్గరికి దిగే ముందు సార్ నా వైపు తిరిగి చూశారు. అదే గుహలో అన్నిటికంటే లోతైన చోటు, నేలకు 46 మీటర్ల కింద. వస్తానని తల ఊపాను. అడుగున సన్నని నీటి పాయ ఎటునుంచో వచ్చి, రాతిలోకే మళ్ళీ మాయమవుతోంది. ఈ గుహలు తొలిచిన నీరు ఇంకా పని ఆపలేదని అక్కడ కళ్ళారా కనిపిస్తుంది. అందరం దిగాక సార్ ఏమీ వివరించలేదు. పాయ చప్పుడు విననిచ్చారు, అంతే. నా భయం పోయిందని చెప్పను. మెట్లెక్కి పైకొచ్చి ఆకాశం చూసినప్పుడు కాళ్ళు వణికాయి. కానీ దిగగలిగాను. దానికి కారణం ముందు ఏముందో చెప్పే మనిషి ముందు ఉండటమే.

తిరుగు ప్రయాణంలో అందరి చర్చా ఒకటే. గుహకు టికెట్టుంది, లైట్లున్నాయి, కాపలా ఉంది, బోర్డులున్నాయి. గుట్ట మీద గుంతలకు పెద్దాయన పేర్చిన ముళ్ళకంప తప్ప ఏమీ లేదు. పూడ్చేస్తే ప్రమాదం ఉండదు, నిజమే. కానీ ఆ తవ్వకం ఆనవాళ్ళు కూడా పోతాయి. ప్రపంచానికి వజ్రాలు పంపిన పనివాళ్ళకు మిగిలిన గుర్తు అవే. కనీసం తెరిచి ఉన్న గుంత చుట్టూ ఇనుప కంచె, ఇక్కడ ఏం జరిగిందో తెలుగులో నాలుగు వాక్యాల బోర్డు ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. సార్ తన ప్రతి యాత్రలోనూ గుంతల కొలతలు, ఫోన్‌లో లొకేషన్, ఫోటోలు తీయించి ఒక పట్టిక రాస్తున్నారు. మేం తీసినవి కూడా అందులో చేర్చాం. అర్జీ రాసే పని నేను తీసుకున్నాను. వచ్చే యాత్ర బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు, బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వి పురాతన జంతువుల ఎముకలు వెలికితీసిన చోటుకు. ఆలోపే అర్జీ మీద అందరి సంతకాలు పూర్తి కావాలని సార్ గడువు పెట్టారు.